కంచుకోటలకు ఘన నివాళి

తెలుగు పత్రికలో 'కంచుకోట' అనే మాట కనబడగానే ముందు రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ తర్వాత వార్త చదవడం మర్యాద. ఆ మాటకు మన దగ్గర పని పడేది దానికి ఏదో అయినప్పుడే. కంచుకోటకు బీటలు. కంచుకోటలో పాగా. కంచుకోట బద్దలు. కంచుకోటలో కంగుతిన్న ఫలానావారు. 'కంచుకోట కులాసా' అని శీర్షిక పెట్టిన సబ్ ఎడిటర్ ఇంకా పుట్టలేదు. ఓట్ల లెక్కింపు రోజున మధ్యాహ్నానికల్లా టీవీల్లో కూలిపోయే కోటల లెక్క చూస్తే, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని కోటలున్నట్టు పురావస్తు శాఖకైనా తెలుసా అని అనుమానం వస్తుంది. నిన్నటిదాకా అది కుళాయికి నీళ్లు రాని మామూలు నియోజకవర్గం. అయ్యగారు ఓడిన పూటే దానికి కోట హోదా దక్కుతుంది.

రాజులు పోయారు. కోటలు టిక్కెట్టు పెట్టి చూపించుకునే స్థితికొచ్చాయి. మాట మాత్రం చావలేదు. యుద్ధంలోంచి రాజకీయంలోకి, అక్కణ్నుంచి ఆటల పేజీలోకి నడిచొచ్చింది. ఫలానా మైదానం ఫలానా జట్టుకు కంచుకోట అట, ముప్పై ఏళ్లుగా అక్కడ వాళ్లకు ఓటమే లేదట. మాట వెంట రాజుల జబ్బు కూడా వచ్చింది. కోట ఉంది కదా అని కాళ్లు బారజాపడమే ఆ జబ్బు. దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవాలంటే దూరం పోనక్కర్లేదు, మెహదీపట్నం దాటి కాస్త ముందుకెళితే చాలు.

గోల్కొండకు వెళ్లినవాళ్లకు గైడు మొట్టమొదట చూపించే వింత చప్పట్లు. కింది ద్వారం గుమ్మటం దగ్గర ఒక చోట మనల్ని నిలబెట్టి కొట్టమంటాడు. ఆ చప్పుడు కొండ కొమ్మున ఉన్న బాలా హిసార్ దాకా వినిపిస్తుందంటాడు. శత్రువు గుమ్మంలో అడుగుపెడితే పైనున్న సుల్తానుకు క్షణంలో కబురందే ఏర్పాటట. జనం ముచ్చటపడి మళ్లీ మళ్లీ కొడతారు, పిల్లల చేత కొట్టిస్తారు, వీడియో తీస్తారు. 87 బురుజులు, 8 దర్వాజాలు, ఏనుగులు కుమ్మకుండా తలుపులకు ఇనుప మేకులు, చుట్టూ కందకం. ఔరంగజేబు 1687 మొదట్లో వచ్చి చుట్టుముడితే ఈ కోట ఎనిమిది నెలలు లొంగలేదు. మొఘలులు బురుజుల కింద సొరంగాలు తవ్వి మందుగుండు కూరి పేలిస్తే, అది వెనక్కి తన్ని వాళ్ల మనుషులనే పొట్టన పెట్టుకుంది. పైగా వానలు, కరువు, రోగాలు. ముట్టడి వేసినవాడికే ముట్టడిలో ఉన్నట్టయింది.

చివరికి సెప్టెంబరులో ఒక రాత్రి, ఫిరంగి మోగకుండానే, లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం పుచ్చుకుని తలుపు తీశాడు. మొఘల్ సైన్యం పెళ్లివారిలా నడిచి వచ్చింది. చప్పట్లు చక్కగా వినిపించే కోట కదా, మొహరీల గలగల మాత్రం ఒక్కరి చెవినా పడలేదు. ఆ శబ్దశాస్త్రం గురించి ఏ గైడూ చెప్పడు.

మనవాళ్లు మూడు వందల ఏళ్లుగా పన్నీని తిట్టుకుంటున్నారు. తిట్టాల్సిందే. అయితే ఆ కోట తలుపు అప్పుడే మొదటిసారి తెరుచుకుందన్నట్టు తిట్టడం మాత్రం మనకు బాగా కలిసొచ్చే అబద్ధం. అంతకు రెండేళ్ల ముందు, 1685లో, కుతుబ్‌షాహీ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీమే మొఘలుల వైపు ఫిరాయించాడు. సుల్తాను అబుల్ హసన్ తానీషా హైదరాబాదు నగరాన్ని ఉన్నపళంగా వదిలేసి రాత్రికి రాత్రి కోటలో దూరాడు. ఆ మరుసటేడు దర్బారులోని పెద్దలు, అంతఃపురం వారు కలిసి సొంత ప్రధానమంత్రి మాదన్నను, సోదరుడు అక్కన్నను నడివీధిలో చంపించారు. మాదన్న తల పోతే ఔరంగజేబు కోపం చల్లారుతుందని వారి లెక్క. చల్లారలేదు. లెక్కలు చూసేవాడు పోయాడు, సైన్యాన్ని నడిపేవాడు పోయాడు, ఊరు పోయింది. మిగిలింది రాయి. ఆ రాయిని చూసుకునే ఎనిమిది నెలలు ధీమాగా ఉన్నారు. ఇంటి గుట్టు లంకకు చేటని రామాయణం కాలం నుంచీ తెలిసిన జాతి మనది. అయినా ఇప్పటికీ గుట్టు సంగతి చూసుకోం, లంక గోడకే సున్నం వేస్తాం.

ఆ రాత్రి గుమ్మం దగ్గర అడ్డం పడినవాడు అబ్దుల్ రజాక్ లారీ. చేతికందిన కత్తితో, వెంట నిలిచిన గుప్పెడు మందితో మొఘల్ సేనకు ఎదురెళ్లాడు. ఒంటి మీద దాదాపు డెబ్భై గాయాలతో పడి ఉంటే ఔరంగజేబే వైద్యుల్ని పంపి బతికించుకున్నాడు, తర్వాత కొలువులోకి రమ్మన్నాడు. డబ్బిచ్చి కొన్నవాడి విలువ కొన్నవాడికి బాగా తెలుస్తుంది. కాబట్టే కొనలేకపోయినవాడి మీద గురి కుదిరింది. 87 బురుజులు చేయలేని పని ఒక మనిషి కాసేపైనా చేశాడు. అయినా కోట గోడకు పేరుంది గానీ, లారీ ఎవరని అడిగితే నూటికి తొంభై మంది రోడ్డు మీద పోయే బండి అనుకుంటారు.

ఇది వెనకబడిన కాలపు కథ, విజ్ఞానం పెరిగాక మారి ఉంటారని ఆశపడేవాళ్ల కోసం ఫ్రాన్సు ఉంది. మొదటి ప్రపంచయుద్ధం దెబ్బ తిన్న ఆ దేశం 1930లో దాదాపు 290 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేసి జర్మనీ సరిహద్దు వెంట కోటల వరస కట్టించింది. యుద్ధమంత్రి ఆంద్రే మాజినో పేరే దానికి స్థిరపడింది. పాపం, ఆయన 1932 జనవరిలోనే టైఫాయిడ్‌తో పోయాడు కాబట్టి మిగతాది చూసే బాధ తప్పింది. భూమి లోపల కరెంటు రైళ్లు, వంటశాలలు, ఆసుపత్రులు, గాలి శుద్ధి చేసే యంత్రాలు, బొరియలోంచి పైకి లేచి పేల్చి మళ్లీ కిందికి దిగే ఫిరంగి గోపురాలు. మన పాత సినిమాల్లో విలన్ డెన్‌కు కూడా ఇంత హంగు ఉండేది కాదు. ఈ సొగసంతా ఎక్కడిదాకా? ఉత్తరాన ఆర్డెన్స్ అడవి దాకా. ఆ అడవి సంగతేమిటంటే, తగిన ఏర్పాట్లు చేస్తే అది దుర్భేద్యమని 1934లో మార్షల్ పెటాన్ సెలవిచ్చాడు. 'తగిన ఏర్పాట్లు చేస్తే' అనే ముక్క ప్రభుత్వ కాగితం మీద పడ్డాక ఏమవుతుందో మన కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి చెప్పనక్కర్లేదు. దుర్భేద్యమన్న ముక్క మిగిలింది, ఏర్పాట్ల ముక్క ఎగిరిపోయింది.

1940 మే 10న జర్మన్లు బయలుదేరారు. ఆర్డెన్స్ ఇరుకు దారుల్లో వాళ్ల ట్యాంకులు, లారీలు మైళ్ల కొద్దీ బారులు తీరాయి. సంక్రాంతి ముందు రోజు విజయవాడ హైవే కూడా అంత కిక్కిరిసి ఉండదు. రాత్రిపూట లైట్లు వెలుగుతూ కదులుతున్నాయని ఫ్రెంచి పైలట్లు వచ్చి చెప్పారు. పైవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. అటువైపు నుంచి రావడం కుదరదని ఆరేళ్ల కిందటే తేల్చేశాం కదా! 13న సెడాన్ దగ్గర మ్యూజ్ నది దాటారు. జూన్ 14కు పారిస్‌లో ఉన్నారు. గోడకు గీత పడలేదని తర్వాత వాదించినవాళ్లున్నారు. చాలాచోట్ల నిజంగానే పడలేదు. సంధి సంతకాలయ్యాక కూడా కొన్ని కోటల్లోని దళాలు లొంగలేదు, పైనుంచి ఆజ్ఞ వస్తే గానీ బయటికి రాలేదు. గోడ వరస చివర్న ఉన్న లా ఫెర్తే అనే చిన్న కోటలో మాత్రం 107 మంది సైనికులు, భూమి కింద, ఊపిరాడక చనిపోయారు. ఆలోచన చేసింది పారిస్‌లో గాలి బాగా ఆడే గదుల్లో.

ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఇజ్రాయెల్ సూయజ్ కాలువ తూర్పు గట్టున బార్‌లెవ్ గోడ పోసింది. దాదాపు ఇరవై మీటర్ల ఎత్తు ఇసుక కట్ట, నడుమ నడుమ కాపలా స్థావరాలు. బాంబులు వేస్తే ఇసుక మింగేస్తుంది, ట్యాంకులు ఎక్కలేవు. బాకీ జాకీ యూసుఫ్ అనే ఈజిప్టు సైనిక ఇంజనీరు అంతకుముందు అస్వాన్ ఆనకట్ట పనుల్లో నీటి ధారతో మట్టిని కరగదీయడం చూసినవాడు. ఆయన సలహా ఒక్కటే: పంపులు పెట్టి కాలువ నీళ్లు కొట్టండి. 1973 అక్టోబరు 6న అదే చేశారు. గోడకు అడ్డంగా ఉందనుకున్న కాలువే గోడను కరిగించే సరుకైంది. కొన్ని గంటల్లో దారులు పడ్డాయి. యుద్ధం చివరికి ఎటు తిరిగిందన్నది వేరే కథ. గోడ కథ మాత్రం పైపు పట్టుకున్నవాడి దగ్గరే ముగిసింది.

ఇక ఆటల కోటలు. ఇక్కడ ప్రాణాలు పోవు కాబట్టి ధైర్యంగా నవ్వుకోవచ్చు.

ఇటలీవాళ్లు ఫుట్‌బాల్‌లో తలుపుకు గడియ వేయడాన్ని ఒక కళగా మార్చారు. దానికి వాళ్లు పెట్టిన పేరుకు అర్థమూ గడియే. ఒక గోల్ కొట్టు, ఇక ఇంట్లో దూరి గడియ పెట్టుకో. ఎలేనియో హెరేరా శిక్షణలో ఇంటర్ మిలాన్ ఈ పద్ధతిలో 1964, 1965లో యూరప్ కప్పులు గెలిచింది. 1967 ఫైనల్ లిస్బన్‌లో. ఏడో నిమిషంలోనే పెనాల్టీ గోల్ వచ్చింది. హమ్మయ్య అని గడియ బిగించారు. అటువైపు సెల్టిక్. ఆటగాళ్లందరూ గ్లాస్గో చుట్టుపక్కల పుట్టినవాళ్లే, మన భాషలో చెప్పాలంటే మండల జట్టు. మిగిలిన ఎనభై నిమిషాలూ తలుపు బాదుతూనే ఉన్నారు. 63వ నిమిషంలో ఒకటి, 84వ నిమిషంలో ఇంకోటి. ఇంట్లోవాళ్లు అప్పుడు బయటికి వద్దామనుకున్నారు. బయటికి రావడం ఎలాగో మరిచిపోయారు.

క్రికెట్‌లో కోటలకు కోట బ్రిస్బేన్‌లోని గబ్బా. 1988లో వెస్టిండీస్ చేతిలో ఓడాక ఆస్ట్రేలియా అక్కడ టెస్టు ఓడలేదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు చివరి రోజు మన కాకినాడ కుర్రాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసి, పరుగు తీయలేక, 161 బంతులాడి 23 పరుగులతో నిలబడ్డాడు. మామూలు రోజైతే మనవాళ్లే 'జిడ్డు ఆట' అని టీవీ కట్టేసేవారు. అవతల నడుం నొప్పితో అశ్విన్. విసుగెత్తిన ఆస్ట్రేలియా కెప్టెన్ టిమ్ పెయిన్ వికెట్ల వెనక నిలబడి, నువ్వు గబ్బాకు రా, నీ సంగతి చూస్తామన్న ధోరణిలో అశ్విన్‌ను గదమాయించాడు. కాసేపటికే విహారి ఇచ్చిన క్యాచ్ జారవిడిచాడు. కళ్లు సిడ్నీలో, మనసు గబ్బా బురుజు మీద ఉంటే చేతులు ఖాళీగానే మిగులుతాయి. మ్యాచ్ డ్రా.

వారంలోపే గబ్బా వచ్చింది. విహారి లేడు, అశ్విన్ లేడు, బుమ్రా లేడు, జడేజా లేడు. బరిలో దిగిన ఐదుగురు బౌలర్లూ కలిసి అంతకుముందు ఆడిన టెస్టులు నాలుగు. వాళ్లలో పెద్దన్న మన హైదరాబాదు సిరాజ్, ఆయనకది మూడో టెస్టు. ఆటో నడిపి పెంచిన తండ్రి రెండు నెలల కిందటే పోతే కడచూపుకు కూడా వెళ్లకుండా ఆ దేశంలోనే ఉండిపోయినవాడు. రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. పుజారా ఒంటి నిండా దెబ్బలు కాచుకుంటూ 211 బంతులు నిలిచాడు, పంత్ మిగతా పని కానిచ్చాడు. 328 లక్ష్యం మూడు వికెట్లు చేతిలో ఉండగానే కొట్టేశారు. 32 ఏళ్ల కోట.

పగిలిన కోటకు మళ్లీ సున్నం కొట్టారు. 2024 జనవరిలో వెస్టిండీస్ వచ్చింది. గయానాలో పడవెక్కితే గానీ చేరలేని పల్లె నుంచి షమార్ జోసెఫ్ అనే కొత్త కుర్రాడు వచ్చాడు. క్రికెట్‌కు ముందు ఆయన ఉద్యోగం, దేవుడికి కూడా హాస్యం తెలుసు, సెక్యూరిటీ గార్డు. ముందు రోజు కాలి బొటనవేలు బంతి దెబ్బకు చితికింది. ఆ కాలితోనే మర్నాడు బంతి పట్టి 68 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీశాడు. ఎనిమిది పరుగుల తేడాతో కోట మళ్లీ పడింది. గుమ్మం కాపలా అంటే ఏమిటో తెలిసినవాడికే గుమ్మం ఎలా తోసుకురావాలో తెలుస్తుంది కాబోలు.

మన జనం ఈ రెండు కథలూ చెప్పుకుని మీసాలు తిప్పుతుంటారు. తిప్పనిద్దాం, కానీ ఆ మీసాలు 2024 అక్టోబరు దాకానే. 2013 నుంచి సొంతగడ్డ మీద వరసగా 18 టెస్టు సిరీస్‌లు గెలిచిన కోట మనది. న్యూజిలాండ్ వచ్చింది. బెంగళూరులో మబ్బు పట్టిన ఆకాశం కింద టాస్ గెలిచి, ఎవరూ బలవంతపెట్టకుండా, బ్యాటింగ్ తీసుకుని 46కు ఆలౌటయ్యాం. సొంతగడ్డ మీద మన అత్యల్ప స్కోరు. దాంతో కోట మరమ్మతుకు దిగాం. మన మరమ్మతంటే తెలిసిందేగా, పిచ్ ఎండగట్టి బంతి గిర్రున తిరిగేలా చేయడం. పుణెలో అదే చేశాం. స్పిన్ మన సొత్తు, వాళ్లకు రాదు, అన్నది లెక్క. అంతకుముందు టెస్టుల్లో ఒక్క ఇన్నింగ్స్‌లోనైనా ఐదు వికెట్లు తీసిన పాపాన పోని శాంట్నర్ ఆ మ్యాచ్‌లో పదమూడు తీశాడు. మొదటి ఇన్నింగ్స్‌లో విరాట్ కోహ్లి ఔటైన తీరు కోటల చరిత్రలో ప్రత్యేక అధ్యాయం కావాలి. అంత శ్రమపడి తిరిగే పిచ్ తయారు చేస్తే, ఆయన్ను బౌల్డ్ చేసిన బంతి ఫుల్ టాస్. పిచ్ మీద పడనే లేదు.

ముంబైలో ఇంకో మెట్టు దిగాం. గెలవడానికి కావాల్సినవి 147. చేసినవి 121. మ్యాచ్‌లో పదకొండు వికెట్లు తీసినవాడు ఎజాజ్ పటేల్, పుట్టింది ముంబైలోనే. కోట మ్యాపు పుట్టుకతోనే చేతిలో ఉన్నట్టుంది. 3-0. అప్పటిదాకా భారత్‌లో ఒక్క టెస్టు సిరీస్ కూడా గెలవని జట్టు అది.

కోట కూలాక జరిగే క్రతువు కూడా చూడాలి, అందులోనే అసలు కళ ఉంది. ముందు సమీక్షా సమావేశం. ఆ తర్వాత తలుపు తీసినవాడి వేట. ఫ్రాన్సులో సేనాపతి గామెలాన్‌ను యుద్ధం మధ్యలోనే మార్చేశారు, కొత్తాయన కుదురుకునేలోపు జర్మన్లు సముద్రం దగ్గర పడ్డారు. క్రికెట్‌లోనైతే కోచ్, క్యూరేటర్, టాస్, మబ్బు వరస కడతాయి. ఎన్నికల్లోనైతే వెన్నుపోటు, డబ్బు, చివరి నిమిషంలో కులం పెద్దల మాట, ఆపైన ఓటింగ్ యంత్రం. 'నేనే నిద్రపోయాను' అని కోట యజమాని ఎక్కడా అనడు. అంటే కోట యజమాని అనిపించుకునే అర్హత పోతుంది. కంచే చేను మేసిందని ఊరంతా గగ్గోలు పెడుతుంటే, మేసిన కంచె వేసిందెవరని ఒక్కడూ అడగడు. అడిగినవాడికి మాదన్న గతి గుర్తుండే ఉంటుంది.

ఈలోగా కొత్త కోటల పని ఆగదు. ఓడిన మర్నాడే ఇంకా ఎత్తుగా కట్టాలన్న తీర్మానం, ఇంకా తిరిగే పిచ్, ఇంకా ఎత్తు ఇసుక, ఇంకా మందం కాంక్రీటు. ఒక్క గబ్బాకు మాత్రం ఆ అవసరం తప్పింది. 2032 ఒలింపిక్స్ అయిపోగానే ఆ మైదానాన్ని కూల్చేస్తామని 2025 మార్చిలో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ప్రకటించింది. బ్రిస్బేన్‌లోనే విక్టోరియా పార్కులో కొత్త స్టేడియం కడతారట. సిరాజ్‌కు ఐదు వికెట్లు, షమార్‌కు ఏడు వికెట్లు ఖర్చయిన పని జేసీబీ డ్రైవరు కిరాయికి చేసి పెడతాడు, మధ్యలో టీ బ్రేక్ తీసుకుని మరీ.